పదమూడు వేల మౌంటెన్ బైక్‌లో ఏముంది? విప్పి, కొలిచి రాసిన డైరీ

విశాఖలో మా మేనల్లుడు కాలేజీకి వెళ్ళడానికి, ఆదివారాలు కొండ రోడ్లు ఎక్కడానికి కొన్న సైకిల్ ఇది. ధర రూ. 12,900. కంపెనీ పేరు రాయడం లేదు. స్టీలు ఫ్రేము, 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్ ఫోర్కు, వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకులు, ముందు 3, వెనక 7 పళ్ళచక్రాలు, అంటే మొత్తం 21 గేర్లు.

ఈ ధరలో ఏ భాగాన్ని పట్టుకుని "ఇది మంచిదా?" అని అడిగినా తృప్తిగా ఉండే జవాబు రాదు. నేను చూసినవి మూడే. విప్పడానికి వీలుందా? సరిచేస్తే నిలబడుతుందా? అరిగిపోతే అదే కొలతలో ఇంకోటి ఊళ్ళో దొరుకుతుందా? చవక సైకిల్‌లో నాణ్యత అంటే నా దృష్టిలో ఇదే. కింద రాసినవన్నీ ఈ మూడింటినీ పట్టుకుని రాసినవే. భాగాల ఖర్చు, పనిముట్ల ఖర్చు వేరువేరుగా వేశాను, ఎందుకంటే పనిముట్లు ఇంట్లో ఇంకో సైకిల్‌కీ పనికొస్తాయి.

దశ 1: షాపులోనే తేలిపోయేవి

చిన్న అయస్కాంతం, లగేజీ తూచే కొక్కెం తూనిక ఉంటే చాలు. పానా కూడా అక్కర్లేదు.

1. తూకం. పెట్టె మీద 15.5 కిలోలని ఉంది, కొక్కేనికి వేలాడదీస్తే 17.2 వచ్చింది. పెడళ్ళు, స్టాండు లెక్కలో వేసుకోలేదనుకున్నా ఇంకా 800 గ్రాముల తేడా మిగిలింది.

2. అయస్కాంతం. ఫ్రేముకి, హ్యాండిల్‌కి, సీటు రాడ్డుకి అంటుకుంది. రిమ్ములకి అంటలేదు, అవి అల్యూమినియం. స్పోకులకి గట్టిగా అంటుకుంది, అంటే జింకు పూత పూసిన మామూలు స్టీలు. స్టెయిన్‌లెస్ అయితే అయస్కాంతం నామమాత్రంగా లాగుతుంది. బీచ్ రోడ్డు గాలి తగిలే ఊళ్ళో ఈ తేడా ముఖ్యం.

3. వెనక పళ్ళ కట్ట ఫ్రీవీలా, క్యాసెట్టా? పెడల్‌ని వెనక్కి తిప్పుతూ అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మధ్యలోకి చూడండి. పనిముట్టు దూరే గాడి కదలకుండా ఉండి, పళ్ళు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. గాడి కూడా పళ్ళతోపాటే తిరిగితే క్యాసెట్. మాది ఫ్రీవీల్.

4. వెనక డెరైలర్ (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) దేనికి వేలాడుతోంది? మాదానికి ఫ్రేముకే వెల్డ్ చేసిన స్టీలు కొక్కెం ఉంది. స్టీలు కాబట్టి వంగితే నెమ్మదిగా తిరిగి వంచొచ్చు. అదే అల్యూమినియం ఫ్రేమైతే కొక్కెం మరలతో విడిగా ఊడి రావాలి. ఊడకపోతే ఆ సైకిల్ వదిలేయండి.

5. హ్యాండిల్ మెడ. 28.6 మి.మీ. మర లేని స్టీరర్ (ఫోర్కు నుంచి హ్యాండిల్ దాకా వచ్చే గొట్టం). ఇది మామూలు కొలతే, రేపు ఫోర్కు మార్చుకోవచ్చు.

ఈ అయిదింటిలో నన్ను ఆలోచనలో పడేసింది మూడోది. ఫ్రీవీల్ హబ్బులో (చక్రం నడిమి భాగంలో) కుడివైపు బేరింగు లోపలికి ఉంటుంది. దాని బయట ఏడు పళ్ళచక్రాల మందమంతా యాక్సిల్ (ఇరుసు) ఏ ఆధారమూ లేకుండా ఉంటుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ బరువంతా ఆ ఆధారం లేని ముక్క మీదే. క్యాసెట్ హబ్బులో బేరింగు అంచు దాకా వెళ్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. 7 స్పీడ్ ఫ్రీవీల్ ఉన్న బండిని "మౌంటెన్" అని అమ్మడం నాకు నచ్చదు, కానీ ఈ ధరలో దొరికేది ఎక్కువగా అదే.

*ఇప్పటిదాకా: సైకిల్ 12,900. పనిముట్లు 350 (తూనిక). భాగాలు 0.*

దశ 2: చక్రాల బెండు

వాడుక మొదలైన కొద్ది వారాలకే వెనక చక్రంలో టిక్కు టిక్కుమని శబ్దం మొదలైంది. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, ఫ్రేముకి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొసని రిమ్ముకి దగ్గరగా కత్తిరించాను. బెండు కొలవడానికి అంతకన్నా ఖరీదైన స్టాండు అవసరం లేదు.

ముందు చక్రం పక్కలకి 1 మి.మీ. ఊగింది. వెనకది 2.5 మి.మీ. కుడివైపు స్పోకుల్ని జతలుగా నొక్కి చూస్తే కొన్ని వేళ్ళకి మెత్తగా తగిలాయి. వదులు స్పోకు చక్రం తిరిగినప్పుడల్లా వంగి, లేచి, మెడ దగ్గర అలిసిపోతుంది. అనుకున్నట్టే ఫ్రీవీల్ వైపు ఒకటి మెడ దగ్గరే తెగి ఉంది. ఆ శబ్దం దానిదే.

ఇక్కడే పని ఆగిపోయింది. అటువైపు స్పోకు ఎక్కించాలంటే ఫ్రీవీల్ ఊడాలి. రోజూ తొక్కే కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది కూడా. 12 గాళ్ళ రిమూవర్ పెట్టి, పెద్ద పానాకి పైపు తొడిగి తిప్పితే చక్రం జారిపోతోంది, ఫ్రీవీల్ కదలడం లేదు. ఇంకా బలం పెడితే గాళ్ళు అరిగిపోయే ప్రమాదం ఉంది. గాళ్ళు పోతే ఫ్రీవీల్‌ని పగలగొట్టి తీయాల్సిందే.

చక్రం తీసుకుని దగ్గర్లోని లేతు పని షాపుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన రిమూవర్‌ని నా చేతిలోంచి తీసుకుని బెంచి వైస్‌లో బిగించాడు. "బాబూ, పానా తిప్పకు. చక్రమే తిప్పు. చక్రాన్ని మించిన పానా నీ దగ్గరేముంది?" అన్నాడు. చక్రాన్ని బోర్లించి రిమూవర్ మీద కూర్చోబెట్టి, రిమ్ముని రెండు చేతులతో పట్టుకుని అపసవ్యంగా లాగితే ఒక్కసారి ఫట్‌మని వదిలింది. కిందికి చూస్తే హబ్బు మర మీద గ్రీజు చుక్క లేదు, గోధుమరంగు పొడి రాలింది. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ మరకి నిండా గ్రీజు పూశాను.

బెండు తీసిన వరస ఇది:

1. ప్రతి నిపుల్ (రిమ్ము దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) దగ్గరా ఒక చుక్క నూనె వేసి కాసేపు వదిలేశాను.
2. తెగిన స్పోకుతోపాటు బాగా వదులైన మూడు కూడా మార్చాను. పొడవు అంతే ఉండేలా పాతది షాపుకి పట్టుకెళ్ళడమే మంచిది.
3. మొదట అన్నిటినీ పావు తిప్పు చొప్పున సమంగా బిగించాను. బెండు సంగతి తర్వాత.
4. ఆ తర్వాత టై తగిలిన చోట ఒకవైపు పావు తిప్పు బిగించి, రెండోవైపు అంతే వదులు చేస్తూ పోయాను.
5. మధ్యమధ్యలో స్పోకుల జతల్ని చేత్తో గట్టిగా నొక్కి, మళ్ళీ చూశాను. ఇది చేయకపోతే మొదటి గుంతకే బెండు తిరిగొస్తుంది.

ముందుది 0.5 మి.మీ.కి, వెనకది 0.7కి వచ్చాయి. వెనక రిమ్ము అతుకు దగ్గర పైకి లేచినట్టు చిన్న ఎత్తు ఉంది, అది స్పోకులతో పోయేది కాదు. డిస్క్ బ్రేకు కాబట్టి వదిలేశాను. రిమ్ము బ్రేకైతే అక్కడ ప్రతి చుట్టుకీ తగిలేది.

*ఇప్పటిదాకా: పనిముట్లు 1,050 (స్పోకు తాళం, ఫ్రీవీల్ రిమూవర్, 13, 15 మి.మీ. సన్నపానాలు చేరాయి). భాగాలు, కూలి 110.*

దశ 3: హబ్బులు

చక్రం ఎలాగూ ఊడింది కాబట్టి యాక్సిల్ కూడా తీశాను. ఫ్యాక్టరీ గ్రీజు బాల్సు పైన సన్నని పొరగా ఉంది, కప్పు అడుగు దాదాపు పొడి. కోను (బాల్సుని కప్పులో అదిమి ఉంచే, యాక్సిల్ మీది నట్టు) మరీ బిగుతుగా ఉంది. చేత్తో తిప్పితే యాక్సిల్ ఇసుకలో తిరుగుతున్నట్టు గరగరలాడింది.

కోను బాగుందో లేదో చూడడానికి కంటిని నమ్మొద్దు. శుభ్రంగా తుడిచి, బాల్సు తిరిగే దారి మీద బాల్‌పెన్ను కొస ఆనించి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. నునుపుగా జారితే సరే. ఎక్కడైనా టక్కుమని ఆగితే అక్కడ గుంట పడినట్టే. కుడి కోను మీద పెన్ను రెండు చోట్ల ఆగింది. కంటికి అక్కడ వెంట్రుకంత మచ్చ మాత్రమే కనిపించింది.

తర్వాత యాక్సిల్‌ని అద్దపు పలక మీద దొర్లించాను. దొర్లుతూ లేస్తోంది. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తోంది. స్కేలు ఆనిస్తే కుడివైపు దాదాపు 1 మి.మీ. వంపు. ఈ సైకిల్ ఒక్కసారి కూడా మట్టిదారి ఎక్కలేదు. కాలేజీ బ్యాగుతో, స్పీడు బ్రేకర్లతోనే ఆ వంపు వచ్చింది.

మార్చినవి: క్రోమోలి స్టీలు యాక్సిల్ (10 మి.మీ., 1 మి.మీ. మర), రెండు కోన్లు, బాల్సన్నీ కొత్తవి. వెనక ఒక్కో వైపు పావు అంగుళం బాల్సు 9, ముందు ఒక్కో వైపు 3/16 అంగుళం బాల్సు 10. పాతవి బాగున్నట్టు కనిపించినా కొత్త కోనుతో పాత బాల్సు వేయకూడదు. నట్లతో బిగించే యాక్సిల్ కాబట్టి ఆట (వదులు కదలిక) లేకుండా, అలాగని గరగర లేకుండా ఉన్న చోట కోను ఆపి, లాక్ నట్టు బిగించాలి. ఆ ఒక్క చోటు దొరకడానికే ఎక్కువ ఓపిక పట్టింది.

ముందు హబ్బులో కోన్లు బాగున్నాయి. గ్రీజు మార్చి వదిలేశాను.

*ఇప్పటిదాకా: పనిముట్లు 1,050. భాగాలు, కూలి 580.*

దశ 4: బ్రేకులు

"డిస్క్ ఉంది కదా మావయ్యా, బ్రేకు బాగానే ఉంటుంది" అన్నాడు మావాడు. కొలిచి చూద్దామన్నాను. కాలనీలో చదునైన తారురోడ్డు మీద సుద్దగీత గీసి, గంటకి 20 కి.మీ. వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టించాను. పొడి రోడ్డు మీద సగటున 6.8 మీటర్లు పట్టింది. ఇది చాలా ఎక్కువ.

కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఈ కాలిపర్‌లో (ప్యాడ్లతో డిస్కుని పట్టే భాగంలో) ఒకవైపు ప్యాడే కదులుతుంది. అది డిస్కుని వంచి, కదలని ప్యాడుకి నెడుతుంది. కాబట్టి కదలని ప్యాడు డిస్కుకి విజిటింగ్ కార్డంత దూరంలోనే ఉండాలి. మాదానికి దాదాపు 1 మి.మీ. ఖాళీ ఉంది, లివర్ సగం ప్రయాణం అక్కడే వృథా. డిస్కు మీద చైన్ స్ప్రే మరక కనిపించింది, ప్యాడ్లు దాన్ని పీల్చుకున్నాయి. పీల్చుకున్న ప్యాడుని రుద్ది లాభం లేదు, మార్చేయాలి. వైరు తొడుగు కూడా పొడవెక్కువై, హ్యాండిల్ దగ్గర పెద్ద వంపు తిరిగింది.

1. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కొత్త గుడ్డతో తుడిచాను.
2. కాలిపర్ రెండు బోల్టులూ వదులు చేసి, లివర్ పట్టి ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను.
3. లోపలివైపు స్క్రూతో కదలని ప్యాడుని డిస్కుకి తగిలీ తగలనంత దగ్గరికి తెచ్చాను.
4. కొత్త వైరు, తొడుగు అవసరమైనంతే కోసి వేశాను. కోసిన అంచు చదునుగా రాకపోతే ఆకురాయితో రుద్దాలి.
5. 160 మి.మీ. డిస్కు పట్టి ఉండే స్టార్ బోల్టులన్నీ చూశాను. ఒకటి చేత్తోనే తిరిగింది.
6. కొత్త ప్యాడ్లకి పట్టు రావడానికి ఓ మాదిరి వేగం నుంచి నడక వేగానికి దింపడం పదేపదే చేయించాను. చక్రం పూర్తిగా ఆగకూడదు.

అదే రోడ్డు, అదే వేగం: 4.1 మీటర్లు. ఈ మొత్తం పనిలో ఒక రూపాయికి ఎక్కువ ఫలితం వచ్చింది ఇక్కడే. కొత్త సైకిల్ కొన్నవాళ్ళు ఇంకేమీ చేయకపోయినా ఈ దశ మాత్రం చేయండి.

ఒక జాగ్రత్త. బ్రేకు తొడుగులో స్టీలు తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. గేరు తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి. గేరు తొడుగుని బ్రేకుకి వేస్తే గట్టిగా పట్టినప్పుడు చీలిపోవచ్చు. కోసిన అంచు చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

*ఇప్పటిదాకా: పనిముట్లు 1,050. భాగాలు, కూలి 1,250.*

దశ 5: క్రాంకు, చైను, గేర్లు

ఎడమ క్రాంకు (పెడల్ బిగించి ఉండే కడ్డీ) తొక్కినప్పుడల్లా కిర్రుమంటోంది. బోల్టు వదులైంది. చదరపు యాక్సిల్ మీద కూర్చునే ఈ క్రాంకుల్ని వదులుగా తొక్కితే అల్యూమినియం రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు. మాది ఇంకా అరగలేదు. 40 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాను. టార్క్ పానా లేనివాళ్ళు పొడుగు పానాతో గట్టిగా బిగించి, మొదటి వారం తర్వాత మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

క్రాంకులు తీశాను కాబట్టి బి.బి. (బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకులు తిరిగే ఇరుసు, బేరింగులు) కూడా విప్పాను. కప్పులు, బాల్సు ఉన్న పాతరకం, లోపల నీళ్ళు దిగిన గుర్తులు. బి.బి. గొట్టం వెడల్పు 68 మి.మీ., మామూలు ఇంగ్లిష్ మర. సీలు చేసిన బి.బి. 68 x 122.5 (గొట్టం వెడల్పు, ఇరుసు పొడవు) కొలతలో వెంటనే దొరికింది. కుడివైపు కప్పు మర తిరగబడి ఉంటుంది, సవ్యంగా తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక చాలా ఫ్రేముల మర పాడవుతుంది.

గేర్లు సరిగా పడకపోవడానికి కారణం డెరైలర్ అనుకున్నాం. కాదు. గేరు వైరుకి బ్రేకు తొడుగు వేశారు. దశ 4లో చెప్పిన చుట్టల తొడుగు నొక్కితే కొంచెం కుదించుకుపోతుంది, ఆ కొంచెమే గేరుకీ గేరుకీ మధ్య తేడా. సరైన తొడుగు వేసి, డెరైలర్ రెండు చివర్లా ఎక్కడ ఆగాలో నిర్ణయించే హెచ్, ఎల్ స్క్రూలు చూసుకున్నాక ఏడూ శుభ్రంగా పడ్డాయి.

ఇక కొండ లెక్క. చక్రం ఒక చుట్టుకి నేల మీద 2.15 మీటర్లు కదిలింది. అన్నిటికన్నా తేలిక గేరు ముందు 24, వెనక 28 పళ్ళు. అంటే పెడల్ ఒక చుట్టుకి 1.84 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 6.6 కి.మీ. కైలాసగిరి ఘాట్‌లో మలుపుల దగ్గర మావాడు ఆ వేగం నిలబెట్టలేక దిగి నడిచాడు. 17 కిలోల బండికి ఆ గేరు చాలదు. 14-34 ఫ్రీవీల్ వేశాను. డెరైలర్ 34 పళ్ళ వరకు మోయగలది కాబట్టి కుదిరింది. చైను కూడా కొత్తది, పొడవు సరిచూసి వేశాను. ఇప్పుడు పెడల్ చుట్టుకి 1.52 మీటర్లు, అదే 60 చుట్లకి గంటకి 5.5 కి.మీ. తర్వాతసారి దిగకుండా ఎక్కాడు.

ముందు పళ్ళచక్రాలు రేకుతో చేసి రివిట్లు కొట్టినవి. కొంచెం ఊగుతున్నాయి, విడివిడిగా మార్చలేం. అరిగితే సెట్టంతా మార్చాలి. మూడో ప్రశ్నకి ఈ సైకిల్ పూర్తిగా ఓడిపోయిన మొదటి చోటు ఇది.

*ఇప్పటిదాకా: పనిముట్లు 1,600 (క్రాంకు పుల్లర్, బి.బి. టూల్ చేరాయి). భాగాలు, కూలి 3,250.*

దశ 6: సస్పెన్షన్ ఫోర్కు

స్టిక్కర్ మీద 80 మి.మీ. ప్రయాణం. ఫోర్కు కాలు గొట్టానికి సన్న టై కట్టి స్పీడు బ్రేకర్లన్నీ దాటించాను. టై 45 మి.మీ. దాకానే జరిగింది. లోపల ఉన్నది ఒట్టి స్ప్రింగు. పైనున్న నాబ్ ఆ స్ప్రింగుని ముందే కొంచెం నొక్కుతుందే తప్ప కుదుపుని అదుపు చేయదు. నూనెతో పనిచేసే డ్యాంపింగ్ లేదు కాబట్టి కిందికి దిగింది వెంటనే పైకి తంతుంది. విడిగా తూస్తే 2.6 కిలోలు, సైకిల్ బరువులో ఆరో వంతు కన్నా కొంచెమే తక్కువ.

రబ్బరు తొడుగులు తీసి తుడిచి గ్రీజు పెట్టాను. కాళ్ళ కదలిక కొంచెం మెరుగైంది. ముందు బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమంది. ఆట ఎక్కడుందో తెలియాలంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) కప్పు చుట్టూ వేలు పెట్టి ఊపాలి. వేలికి కదలిక తగిలితే హెడ్‌సెట్, తగలకపోతే ఫోర్కు బుష్షులు (కాళ్ళు జారే చోట ఉండే తొడుగులు). మాది హెడ్‌సెట్ కాదు. బుష్షులే, అవి విడిగా దొరకవు.

మావాడి స్నేహితులు ఇలాంటి సైకిళ్ళతోనే మెట్ల మీంచి దూకుతారు. దీంతో వచ్చిన పుస్తకంలో జంపులు చేయొద్దని రాసి ఉంది. అది చదివించాను. "మరి మౌంటెన్ బైక్ అని ఎందుకు రాశారు మావయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మట్టిరోడ్డు, కంకర రోడ్డు వరకు ఈ ఫ్రేము తట్టుకుంటుంది. దూకడానికి ఇది కాదు, ఆ మాట షాపువాళ్ళే అమ్మేటప్పుడు చెప్పాలి.

మట్టిదారి కావాలని ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగొద్దని కూడా చెప్పాను. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. టైరు గీసిన గాడిలో వాన నీళ్ళు పారితే ఆ మట్టి తొందరగా కోసుకుపోతుంది.

*ఇప్పటిదాకా: మార్పు లేదు. సైకిల్ 12,900, భాగాలు, కూలి 3,250, పనిముట్లు 1,600. మొత్తం 17,750.*

దశ 7: ఉప్పుగాలి తర్వాత

బీచ్ రోడ్డు మీద తిప్పుతూ ఒక వానాకాలం గడిపాక మళ్ళీ కొలిచాను. వెనక చక్రం 0.7 నుంచి 1 మి.మీ.కి వచ్చింది, పావు తిప్పులతో సరిపోయింది. యాక్సిల్ అద్దం మీద నిటారుగా దొర్లింది. బి.బి.లో ఆట లేదు. స్పోకుల మీద తెల్లటి పొడి కనిపించింది, అది జింకు తినబడుతున్న గుర్తు. దాని వెనకే ఎర్ర తుప్పు వస్తుంది. బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, స్పోకుల మెడలకి నూనె గుడ్డ రాయిస్తున్నాను. ఆ గుడ్డ డిస్కుకి తగలకూడదు.

ఇంకా కొననివాళ్ళకి నా మాట: పనిముట్లు పక్కన పెడితే దీని మీద 16,150 అయింది. కొనేటప్పుడే మూడు, నాలుగు వేలు ఎక్కువ పెట్టగలిగితే సస్పెన్షన్ కోసం, గేర్ల సంఖ్య కోసం పెట్టొద్దు. క్యాసెట్ హబ్బు కోసం పెట్టండి. అంత పెట్టలేకపోతే మర లేని స్టీరర్, 68 మి.మీ. ఇంగ్లిష్ బి.బి., స్టీలు కొక్కెం ఉన్న సాదా ఫ్రేము తీసుకుని, మిగిలిన డబ్బు బ్రేకు ప్యాడ్లకి, గ్రీజుకి ఉంచుకోండి.

మిగిలిన పని ఫోర్కు. సస్పెన్షన్ లేని స్టీలు ఫోర్కు వేద్దామని వెతుకుతున్నాను, అది కిలోకి పైగా బరువు తగ్గించాలి. షాపుకి పట్టుకెళ్ళే కాగితం మీద రాసుకున్న కొలతలు: స్టీరర్ 28.6 మి.మీ., మర లేనిది. చక్రం కూర్చునే చోటు వెడల్పు 100 మి.మీ. డిస్క్ కాలిపర్ బిగించే చెవులు ఉండాలి. యాక్సిల్ నుంచి క్రౌన్ (ఫోర్కు రెండు కాళ్ళూ పైన కలిసే చోటు) దాకా ఇప్పటిది 468 మి.మీ., మనిషి ఎక్కితే సుమారు 15 దిగుతోంది. కాబట్టి కొత్తది 450 చుట్టూ ఉండాలి. 20 మి.మీ. తగ్గితే హ్యాండిల్ కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది, అంతకన్నా పొట్టి ఫోర్కు వేస్తే దిగుడులో హ్యాండిల్ చురుగ్గా తిరిగి అదుపు తప్పొచ్చు.